మూడో అంతస్తు వాసన

ఆ శనివారం సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పటికి బాలశౌరి చేతిలో ఉన్నది ఒక ఎముక, దాన్ని అంటిపెట్టుకున్న కాస్త మాంసం, ఒక సంచిలో తెల్ల రాజ్మా. ఇంట్లో, జ్వరం తగ్గినా నోటికి రుచి తెలియని భార్య. ఇవి కాక వన్‌టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్టు పెట్టి సంపాదించుకున్న మంచి పేరు కూడా ఉంది గాని, పేరుని ఎవరూ సరుకుల్లో కలిపి లెక్క వేసుకోరు. అతనూ వేసుకోలేదు.

ఎముక ఇచ్చింది మేనల్లుడు జోయెల్. బందరు రోడ్డు మీద ఒక పెద్ద హోటల్లో వంటవాడు. పంది తొడని ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, పొగబెట్టి చేసే హ్యామ్‌ని అక్కడ పొద్దుటి టిఫిన్ల బల్ల మీదకి రేకుల్లా పల్చగా కోసి పెడతారు. కోయగా కోయగా చివరికి మిగిలిన మొదలు అది.

"నల్ల కవర్లోనే పెట్టా మావయ్యా, కంగారు పడకు," అన్నాడు జోయెల్ హోటల్ వెనక గేటు దగ్గర. "లోపల పేపరు కూడా చుట్టా."

"నాకెందుకురా కంగారు?"

"మరి దొంగ బంగారం కొన్నట్టు ఆ చూపులేంటి?"

బాలశౌరి నవ్వలేదు. నల్ల కవరుతో ఒక చిక్కుంది. అందులో ఏముందని ఎవరూ అడగరు. ఎవరికి వాళ్ళే అనేసుకుంటారు. అందుకని ఆ కవరుని రాజ్మా సంచిలో అడుక్కి తోసి, గింజల పొట్లాన్ని దాని మీద సర్దాడు.

లిఫ్టులో ఎదురు ఫ్లాటు కనకలక్ష్మి కలిసింది. చేతిలో పూలు, తమలపాకులు.

"వదినగారికి ఎలా ఉంది అన్నయ్యగారూ?"

"జ్వరం పోయిందమ్మా. నోటికి ఏదీ సయించట్లేదు."

"పాపం. రేపు మిరియాల చారు పెట్టి పంపిస్తా." సంచి వైపు చూసింది. "బరువుగా ఉన్నట్టుందే?"

"రాజ్మా తల్లీ. మన కొట్టువే."

"మీకేమండీ, పప్పులకి కొదవా?"

అబద్ధమేం చెప్పలేదు. పైన ఉన్నది చెప్పాడు. అడుగున ఉన్నది చెప్పలేదు. కొట్టులో కూర్చున్నవాడికి ఇది పెద్ద విద్యేమీ కాదు.

*

ఎముక సూపు భార్య సంపూర్ణమ్మ కోరిక. జ్వరం దిగినప్పటి నుంచి ఆవిడకి ఏది పెట్టినా మట్టి తిన్నట్టే ఉందిట. అన్నం కెలికి పక్కన పెట్టేస్తోంది. నడిస్తే గోడ పట్టుకుంటోంది. "చిన్నప్పుడు బోర్డింగు బళ్ళో సిస్టర్లు పండగ మర్నాడు కాచేవాళ్ళు, పంది ఎముకా, తెల్ల గింజలూ వేసి. అదొక్క గిన్నె దొరికితే తాగుతానేమో," అంది ఒకరోజు, దొరకదని తెలిసిన మనిషి గొంతుతో. ఆ మాట పట్టుకునే బాలశౌరి జోయెల్‌కి ఫోన్ చేశాడు.

ఆదివారం పొద్దుటి చర్చి పూజకి వెళ్ళొచ్చి, లుంగీ కట్టుకుని, రాత్రి నానబోసిన గిన్నె మూత తీశాడు. గింజల్లో సగం ఉబ్బాయి. సగం తోలు ముడతలు పడి, గులకరాళ్ళలా అడుగున కూర్చున్నాయి.

సంపూర్ణమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని దుప్పటి కప్పుకుని కూర్చుంది. "ఇటు తెండి," అని నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని చూసింది. "ఏ ఏడాదివి ఇవి?"

"మంచివే."

"ఏవండీ."

"పోయినేటివి... అంతకు ముందేటివేమో. గోడౌన్లో మూల పడి ఉంటే తెచ్చా."

"ఊళ్ళో వాళ్ళకి కొత్తవి, ఇంటికి పాతవి."

అది వాళ్ళింట్లో పాత సంగతి. పప్పుల వ్యాపారం చేసేవాడి ఇంట్లో ఎప్పుడూ మేలు రకం ఉడకదు. విరిగిన కందిపప్పు, పురుగు తొలిచిన పెసలు, రంగు మారిన శనగలు, ఎవరూ కొననివన్నీ తిరిగి తిరిగి యజమాని కుక్కర్లోకే వస్తాయి. అమ్ముడుపోయేదాన్ని తినడం తప్పనే మనసు బాలశౌరిది. కట్టుకున్నది జబ్బు పడి లేచి నోరు తెరిచి అడిగినప్పుడు కూడా ఆ చెయ్యి అలవాటుగా మూల గోతం దగ్గరికే పోయింది.

"సర్లెండి. ఎముక కడగండి. పెద్ద గిన్నె పెట్టండి."

కడిగాడు. పొగ పట్టిన తోలు గోధుమరంగులో మెరిసింది. గిన్నెలో పెట్టి, మునిగేదాకా నీళ్ళు పోసి, స్టవ్ వెలిగించాడు. తెల్లటి నురగ పైకి తేలింది. ఆవిడ చెప్పినట్టు గరిటెతో తీసి సింకులో వేశాడు. ఒకసారి పొంగాక సగం నీళ్ళు వంచేసి కొత్త నీళ్ళు పోశాడు. లేకపోతే ఉప్పుకషాయం అయిపోతుందిట. ఉల్లిపాయలు నాలుగు ముక్కలు, క్యారెట్ చక్రాలు, ఒక బిర్యానీ ఆకు, చితక్కొట్టిన మిరియాలు, దారంతో కట్టిన కొత్తిమీర కాడలు.

"ఉప్పు?"

"చెయ్యి పెట్టకండి దాని జోలికి. మాంసంలో ఉన్నదే చాలు."

"కుక్కర్లో పడేస్తే అరగంటలో అయిపోతుంది కదే."

"కుక్కర్లో ఎముక రుచి దిగదు. మూత ఓరగా పెట్టి సన్నసెగన వదిలెయ్యండి."

వదిలేశాడు. గింజలు కొత్తవైతే మధ్యాహ్నం భోజనాల వేళకి దిగిపోయేది సూపు. భోజనాల వేళ దాటింది. ఒక గింజ తీసి పంటి కింద పెడితే కటుక్కుమంది. నీళ్ళు ఇంకోసారి పోశాడు. ఆవిరి లేచి, కిటికీలోంచి డక్టులోకి పోతూనే ఉంది. ఆ అపార్ట్‌మెంటులో అన్ని వంటిళ్ళ కిటికీలూ ఆ డక్టులోకే తెరుచుకుంటాయి. కింద సెల్లార్ నుంచి పైన ట్యాంకు దాకా ఒకటే గొట్టం. ఒకరింటి ఇంగువ పోపు అందరి ముక్కులకీ అందుతుంది.

పొగ, కొవ్వు, ఉప్పు కలిసిన వాసన. మటన్‌ది కాదు, కోడిది కాదు. బాలశౌరికి అప్పుడు తట్టింది, ఇది కార్తీకమాసమని. కిటికీ మూశాడు.

"ఊపిరాడట్లేదండీ, తియ్యండి," అంది సంపూర్ణమ్మ.

తీశాడు.

టీల వేళకి గింజ మెత్తబడింది. మాంసం ఎముకని వదిలేసింది. ఎముక బయటికి తీసి, మాంసాన్ని వేళ్ళతో పీచులుగా విడదీసి గిన్నెలో వేశాడు. కొన్ని గింజల్ని గరిటె వెనక్కి తిప్పి గిన్నె అంచుకి వేసి నలిపితే సూపు చిక్కబడింది. గిన్నెడు పోసి, బన్ను తుంచి పక్కన పెట్టి భార్య చేతికిచ్చాడు. ఆవిడ ఊదుకుంటూ ఒక చెంచా తాగింది. గిన్నె ఖాళీ చేసి, బన్ను ముక్కతో అడుగు తుడిచి నోట్లో పెట్టుకుని, గిన్నె మళ్ళీ ముందుకి చాపింది.

చాలా రోజుల తర్వాత బాలశౌరికి ఒక పని సక్రమంగా చేశాననిపించింది.

గిన్నెలు తోమడానికి దీవెన వచ్చింది. వాచ్‌మెన్ యేసుబాబు భార్య. "ఏం వాసనమ్మగారూ, మెట్ల మీదకే నోరూరిపోతంది!" అంటూ. సంపూర్ణమ్మ టిఫిన్ బాక్సులో సూపు పోయించి, "వినీలకి పెట్టు. చదువుకునే పిల్ల," అంది.

"పెడితే ఇక వదలదు చూడండి. రేపట్నించి నన్ను సూపు చెయ్యమంటది," అని నవ్వుకుంటూ పట్టుకెళ్ళింది దీవెన.

*

ఆ పిల్ల తినడం అయిందో లేదో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది. 'డక్టులో భరించలేని వాసన. పవిత్ర కార్తీకమాసంలో, రేపు సోమవారం పెట్టుకుని ఇదేం పని? అందరూ సెల్లార్లోకి రాగలరు.' పంపింది ప్రెసిడెంట్ వెంకటసుబ్బారావు.

సెల్లార్లో కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వెంకటసుబ్బారావు గుడివాడ వైపు రైసుమిల్లు నడిపి మానేసిన మనిషి. బాలశౌరిని చూడగానే పక్క కుర్చీ చూపించాడు.

"ఇలా రండి బాలశౌరిగారూ, కూర్చోండి. మా అమ్మగారు పూజగదిలోంచి లేచి వచ్చేసిందండీ, తల తిరుగుతోందని. ఆ కిటికీ డక్టులోకే కదా."

"అది పందండీ," అన్నాడు హర్షవర్ధన్. ఆటోనగర్లో లారీ స్పేర్‌పార్టుల కొట్టున్న కుర్రవాడు, రెండో అంతస్తు. "మా షెడ్డు వెనక మెకానిక్కులు ఆదివారాలు వండుతారు. ఆ వాసన నాకు తెలీదా?"

"మన బిల్డింగులో పంది ఎవరు వండుతారు?" అంది ఎవరో ఆవిడ.

రెండు మూడు చూపులు మెల్లగా బాలశౌరి మీదకి తిరిగాయి. అతను ఎదురుగా ఉన్న కారు నంబరు ప్లేటు చదువుతూ కూర్చున్నాడు.

"అటు చూస్తారేంటి?" గొంతు పెంచాడు వెంకటసుబ్బారావు. "బాలశౌరిగారి సంగతి నాకు తెలీదా? క్రిస్టియన్సే అయినా వాళ్ళు వేరండీ. వాళ్ళ పద్ధతి, వాళ్ళ ఇల్లు మనలాగే."

కొనేవాడు గోతంలో చెయ్యి పెట్టి, పైన గుప్పెడు చూసి, బాగుందని చెయ్యి తీసేస్తే అమ్మేవాడికి గుండెల్లో ఒక తేలిక పుడుతుంది. బాలశౌరికి సరిగ్గా అదే పుట్టింది. పుట్టినందుకు సిగ్గు వెంటనే వచ్చింది గాని, అప్పటికి మాట దాటిపోయింది.

"అయితే కిందవాళ్ళే," అన్నాడు హర్షవర్ధన్. డక్టు అడుగునే వాచ్‌మెన్ గది. యేసుబాబు ఆ సమయంలో మోటారు వెయ్యడానికి మేడ మీదకి వెళ్ళి ఉన్నాడు.

"నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమందాం," అన్నాడు వెంకటసుబ్బారావు. "మనిషి మంచివాడే. కానీ ఒకసారి వదిలేస్తే రేపు పండక్కి ఇక్కడే కోస్తారు."

"పిల్ల టెన్త్ కదండీ," అంది కనకలక్ష్మి. "బడి ఈ సందు చివరే."

"ఆ ఆలోచన వాళ్ళకుండాలమ్మా, వండేముందు." వెంకటసుబ్బారావు బాలశౌరి భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు చెప్పండి వాడికి. మేం చెప్తే కులం అంటారు, మతం అంటారు. మీ నోటితో అయితే గొడవుండదు."

అందరూ అతని నోటి వైపే చూశారు.

"చూస్తానండి," అన్నాడు బాలశౌరి.

*

సోమవారం పొద్దున యేసుబాబు కారు తుడుస్తున్నాడు. పచ్చ గుడ్డ బకెట్లో ముంచి, పిండి, అద్దం మీద పైనుంచి కిందకి ఒకే గీతగా లాగుతున్నాడు. బాలశౌరి వచ్చి నిలబడితే చెయ్యి ఆపలేదు.

"ఎవరో ఒకరు చెప్పడానికి వస్తారనుకున్నా సార్. మీరు వస్తారనుకోలేదు."

"అది కాదు యేసుబాబూ... నిన్న ఆ వాసన సంగతి..."

"మా దీవెన మీ ఇంట్లోంచి తెచ్చిన బాక్సు పిల్ల మొత్తం తినేసింది సార్. బాగుందంది." గుడ్డ మడతపెట్టి రెండో అద్దం మొదలుపెట్టాడు. "పొద్దున్నే ప్రెసిడెంట్‌గారు అడిగారు, మా గదిలోనేనా వండింది అని. అవునన్నాను."

"ఎందుకన్నావ్?" అన్నాడు బాలశౌరి.

"కాదంటే, మరెవరురా అంటారు. అప్పుడు పేరు చెప్పాలి. అమ్మగారు మంచం దిగి ఎన్ని రోజులైంది సార్? ఆవిడ గుమ్మం ముందుకెళ్ళి వీళ్ళు అరిస్తే బావుంటదా?" గుడ్డ బకెట్లో వేశాడు. "అదీకాక, మేమైతే ఇంకో గది చూసుకుంటాం. మీరు ఎక్కడికి పోతారు సార్? కొనుక్కున్నారు గదా."

ఆ గొంతులో ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని బాలశౌరి వెతికాడు. ఉంటే బాగుండేది. కోపం తెచ్చుకుని మెట్లెక్కిపోయేవాడు. మనిషి నిజంగానే లెక్క కట్టి చెప్పాడు, ఎవరికి తక్కువ నష్టమో. బాలశౌరి చెయ్యాల్సిన లెక్క అది. వాచ్‌మెన్ చేసేశాడు.

"పిల్ల బడి మరి?"

"మంగళగిరిలో మా బావమరిది ఉన్నాడు. అక్కణ్ణుంచి బస్సు మీద రావాలి. పొద్దుటి స్టడీ అవర్ అందదు. చూడాలి సార్."

"నేను... ఇక్కడే దగ్గర్లో ఎక్కడైనా వాచ్‌మెన్ పని, గది ఉన్నదేమో అడుగుతా."

"అడగండి సార్. మంచిదే," అన్నాడు యేసుబాబు, బకెట్ నీళ్ళు మొక్కల్లో పోస్తూ.

సోమ, మంగళవారాలు కొట్టులో బాలశౌరి ఫోన్ కింద పెట్టలేదు. తెలిసిన బిల్డర్లు, బ్రోకర్లు, చర్చి పెద్దలు. "నమ్మకమైన మనిషండీ, కుటుంబం ఉంది, పిల్ల చదువు, మా బిల్డింగ్ దగ్గర్లో అయితే మేలు." గుమస్తా లక్ష్మీకాంత్ గోతాల మీద కూర్చుని అన్నీ విన్నాడు.

"అంత మంచోడైతే మీ బిల్డింగు వాళ్ళు ఎందుకు పంపేస్తున్నారండీ?" అన్నాడు చివరికి.

"ఏదో చిన్న గొడవ."

"చిన్న గొడవైతే ఓ మాటతో పోద్ది కదండీ. ఇన్ని ఫోన్లెందుకు?"

బాలశౌరి వాణ్ణి గోడౌన్లో గోతాలు లెక్కపెట్టి రమ్మని పంపించాడు.

*

దీవెన రెండు రోజులుగా పనికి రావడం లేదు. "ఊరెళ్ళారేమో," అని చెప్పాడు భార్యకి. ఆవిడ నమ్మినట్టే ఉంది. సూపు తాగిన దగ్గర్నుంచి ఆవిడకి కాస్త ఓపిక వచ్చింది. గోడ పట్టుకోకుండా హాల్లోకి వస్తోంది.

బుధవారం సాయంత్రం వినీల వచ్చింది. రెండు జడలు, యూనిఫాం. తోమి ఆరబెట్టిన టిఫిన్ బాక్సు చేతిలో.

"అమ్మ ఇచ్చి రమ్మంది ఆంటీ. ఖాళీ చేసేటప్పుడు సామాన్లలో కలిసిపోద్దని."

"ఖాళీ ఏంటే?"

పిల్ల బాలశౌరి వైపు చూసింది. తర్వాత నేల వైపు. "మేం పంది వండామంట కదా, అందుకని." బాక్సు టీవీ పక్కన పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. లిఫ్టు ఎక్కలేదు.

సంపూర్ణమ్మ బాక్సు తీసుకుని మూత విప్పి, మళ్ళీ పెట్టింది.

"మీకు ముందే తెలుసా?"

"మాట్లాడుతున్నానే. ఇంకో చోట గది కోసం ఇద్దరు ముగ్గురికి..."

"ఎవరికి చెప్పాల్సింది ఎవరికి చెప్తున్నారు?"

"ఇక్కడ మనకున్న మర్యాద నీకు తెలీదు. ఇరవై ఇళ్ళ మధ్య ఉంటున్నాం. రేపు నువ్వే మొహం ఎత్తుకుని..."

"నా మీద పెట్టకండి." లేచి నిలబడింది. దుప్పటి జారి కింద పడినా పట్టించుకోలేదు. "జ్వరం వచ్చింది నాకు. నోరు పడిపోయింది మీకు. నేను తాగిన గిన్నెకి ఆ పిల్ల గూడు పోతోంది. నాకు అరుగుతుందా అది?"

బాలశౌరి చొక్కా వేసుకుని కిందికి దిగాడు.

వెంకటసుబ్బారావు ఇంట్లో కాఫీ వచ్చింది. బాలశౌరి గ్లాసు ముట్టుకోకుండా చెప్పేశాడు. "ఆదివారం ఆ వాసన మా ఇంట్లోదండీ. మా ఆవిడకి సూపు కావాలంటే నేనే వండాను. పంది ఎముకతో. యేసుబాబుకి ఏం సంబంధం లేదు."

వెంకటసుబ్బారావు కాసేపు అతన్నే చూశాడు. తర్వాత ముఖం మెత్తబడింది. నవ్వాడు.

"నాకు తెలుసండీ, మీరిలా వస్తారని."

"అంటే?"

"మీ వాళ్ళు కదా అని మీకు జాలి. చర్చిలో ఎవరో అడిగి ఉంటారు, కాపాడమని. అందుకని నింద మీ మీద వేసుకుంటారా? వాడు తన నోటితో ఒప్పుకున్నాడండీ."

"మా కోసం ఒప్పుకున్నాడు."

"మీ కోసం గూడు ఎవడైనా వదులుకుంటాడా?" లోపలికి తిరిగి, "విన్నావా? బాలశౌరిగారు వంట చేశార్ట! మొన్న గ్యాసు సిలిండరు మార్చడానికే యేసుబాబుని పిలిచారు," అన్నాడు. లోపల్నుంచి ఆవిడ నవ్వు వినిపించింది.

"నిజమండీ..."

"కాఫీ తాగండి. చల్లారిపోతోంది."

బాలశౌరి ఇంటికి చేరేలోపే గ్రూపులో మెసేజ్ ఉంది. 'తోటివాడి తప్పు తన మీద వేసుకోవడానికి సిద్ధపడిన బాలశౌరిగారి పెద్దమనసుకి జోహార్లు.' కింద వరసగా దణ్ణం బొమ్మలు. తను నాసిరకం సరుకు అంటగట్టిన కొనుగోలుదారే మర్నాడు వచ్చి శాలువా కప్పితే ఎలా ఉంటుందో అతనికి ఆ మెట్ల మీద తెలిసింది.

*

గురువారం మధ్యాహ్నం కొట్టు లక్ష్మీకాంత్‌కి వదిలేసి హోటల్ వెనక గేటుకి వెళ్ళాడు.

"వారం తిరక్కుండా ఇంకో ఎముకా?" అన్నాడు జోయెల్. "రుచి మరిగావా మావయ్యా?"

"ఉందా లేదా?"

"ఉంది. ఆగు, నల్ల కవరు..."

"వద్దు. తెల్లది ఇవ్వు. లోపలిది కనపడేది."

జోయెల్ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "అత్తయ్య జ్వరం గాని నీకు తగులుకుందా?"

కవరుని స్కూటరు ముందు కొక్కేనికి తగిలించి, ఏలూరు రోడ్డు మీదుగా వచ్చాడు. సిగ్నళ్ళ దగ్గర పక్కవాళ్ళు చూశారు. చూడనిచ్చాడు. గేటు లోపల హర్షవర్ధన్ కారు తీస్తూ చూశాడు. చూడనిచ్చాడు. వాచ్‌మెన్ గదికి తాళం ఉంది. యేసుబాబూ, దీవెనా మంగళగిరి గది చూసి రావడానికి వెళ్ళారు. పిల్ల బడిలో ఉంది. అతనికి కావలసింది ఆ తాళమే.

ఈసారి రాజ్మా కొత్త పంటది. ఆ వారమే దిగిన లోడులోంచి, అమ్మకానికి విప్పిన గోతంలోంచి తన చేత్తో తీశాడు. పొద్దున్నే నానబోసి వెళ్ళిన గింజలు తోలు బిగిసి, తెల్లగా ఉబ్బి ఉన్నాయి. నురగ తీశాడు. నీళ్ళు మార్చాడు. కాడలు కట్టాడు. సంపూర్ణమ్మ కుర్చీలోంచి ఒక్క మాట కూడా చెప్పలేదు. వంటింటి కిటికీ రెండు రెక్కలూ తెరిచి, వీధి తలుపు కూడా బార్లా తీసి పెట్టాడు. వాసన లేచింది. అప్పుడు ఫోన్ తీసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గ్రూపులో రాశాడు. 'మూడో అంతస్తులో ఇప్పుడు పంది ఎముకతో సూపు వండుతున్నాను. ఆదివారం వండింది కూడా నేనే. వాచ్‌మెన్ గదికి తాళం ఉంది. ఎవరైనా వచ్చి చూడొచ్చు.'

అందరూ చదివినట్టు గుర్తులు పడ్డాయి. ఎవరూ ఏమీ రాయలేదు. ఎదురు ఫ్లాటు తలుపు కొంచెం తెరుచుకుని మూసుకుంది.

గింజలు సగం ఉడికేటప్పటికి వెంకటసుబ్బారావు వచ్చాడు. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మం అవతలే నిలబడ్డాడు. బాలశౌరి గరిటె చేత్తోనే బయటికి వచ్చాడు.

"లోపలికి వచ్చి చూడండి."

"అక్కర్లేదు. కనపడుతోంది." కండువా తియ్యలేదు. "ఇంత పని ఎందుకండీ?"

"నిన్న చెప్తే నమ్మలేదు కదా."

వెంకటసుబ్బారావు అతన్ని పైనుంచి కిందకి చూశాడు. లుంగీ, చెమట, చేతిలో జిడ్డు గరిటె. పాత వర్తకుడు ఇన్నాళ్ళూ తూకంలో మోసం చేశాడని తెలిసినప్పుడు చూసే చూపు.

"మరి ఆదివారం సెల్లార్లో నా పక్కనే కూర్చున్నారుగా."

"కూర్చున్నాను."

"నేను అందరి ముందు మీ గురించి..."

"అన్నారు. విన్నాను."

బాలశౌరి ఎదురు చూశాడు. నాలుగు రోజులుగా భయపడింది దీనికే. కేకలు వేస్తారు, జనం పోగవుతారు, ఇల్లమ్ముకుని పొమ్మంటారు.

"యేసుబాబుని ఉండమని చెప్పండి," అన్నాడు, ఎంతకీ ఏమీ రాకపోతే.

"చెప్తాలెండి." వెంకటసుబ్బారావు వెనక్కి తిరిగాడు. రెండు మెట్లు దిగి ఆగాడు. "మీరు మాత్రం... ఈ కార్తీకం అయ్యేదాకా వండుకునేటప్పుడు ఆ కిటికీ మూసుకోండి." దిగిపోయాడు.

అంతే.

బాలశౌరి గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. అదే ఎముక, అదే గిన్నె, అదే డక్టు. కింద గదిలోవాడు వండితే దాని ఖరీదు ఉన్న గూడూ, పిల్ల చదువూ. పై ఫ్లాటువాడు వండితే ఒక కిటికీ రెక్క. ఒకే సరుకుకి రెండు ధరలు. యేసుబాబుకి ఇది మొదటి రోజే తెలుసు. తెలిసి కూడా ఎక్కువ ధర తను కట్టడానికి ఒప్పుకున్నాడు. ఇంత చవగ్గా పోయేదానికి తను మూడు రోజులు ఫోన్లు పట్టుకుని దాక్కున్నాడు. ఆదివారం కుర్చీలోంచి లేచి ఒక్క మాట అని ఉంటే అదే రోజు తేలిపోయేది, కిటికీ మూసుకోమనే మాటతో.

"దించండి, గింజ ఉడికిపోయింది," అంది సంపూర్ణమ్మ లోపల్నుంచి.

దించాడు. ఆవిడ ఒక గిన్నె తాగింది. అతను తాగలేకపోయాడు.

*

శుక్రవారం పొద్దున దీవెన పైకి వచ్చింది. చీపురు పట్టుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"గది ఉంచుకోమన్నారమ్మగారూ. మంగళగిరి వెళ్ళట్లేదు."

"మంచిదే తల్లీ. రా, లోపలికి రా."

"లేదమ్మగారూ. మీ ఇంట్లో పని మానేస్తా. వేరే చూసుకోండి."

"కోపమా?"

"కోపమేం లేదు. మీరు మంచోళ్ళే." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "మళ్ళీ ఎప్పుడైనా ఏదైనా అయితే, మీ ఇంట్లోంచి నేను ఏం తెచ్చానో ఏం తేలేదో ఎవరికి చెప్పుకోను? మీరు పెట్టినా భయమే, పెట్టకపోయినా భయమే."

సంపూర్ణమ్మ బతిమాలలేదు. తల ఊపి, "నీ ఇష్టం," అంది. హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్న బాలశౌరి వైపు దీవెన చూడలేదు. ఆమె వెళ్ళాక అతను లేచి, నిన్నటి గిన్నె సింకులో పెట్టి, అడుగంటిన గింజల పిండిని పీచుతో రుద్దడం మొదలుపెట్టాడు. చేతకాలేదు. నానబెట్టి మళ్ళీ రుద్దాడు.

ఆ రోజు నుంచి లిఫ్టులో అతను ఉంటే కనకలక్ష్మి, "మీరు వెళ్ళండి, నాకు పనుంది," అంటోంది. అన్నయ్యగారూ అన్న మాట మాత్రం మానలేదు, మొహమాటానికి. వెంకటసుబ్బారావు ఇంట్లో కాఫీకి పిలుపు లేదు. గ్రూపులో దణ్ణాలు పెట్టినవాళ్ళు ఆ మెసేజీల ఊసెత్తలేదు.

శనివారం సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి గేటు ముందు స్కూటరు ఆపి హారన్ కొట్టాడు. రోజూ ఆ హారన్‌కి యేసుబాబు కుర్చీలోంచి లేచి, గేటు తీసి, పక్కకి తప్పుకుని నిలబడేవాడు. ఇవాళ లేవలేదు. కుర్చీలో కూర్చునే తలెత్తి చూశాడు. కోపం లేదు, ఎదురుచూపూ లేదు. చూసి, మళ్ళీ ఫోన్‌లోకి తల వంచుకున్నాడు. గదిలో లైటు కింద వినీల గట్టిగా చదువుకుంటోంది. నదులూ, ఉపనదులూ.

బాలశౌరి రెండోసారి హారన్ కొట్టలేదు. ఇంజను ఆపి కూర్చుని, చేసిన వ్యాపారం ఏమిటో ఒకసారి చూసుకున్నాడు. పోయినవి కనబడుతూనే ఉన్నాయి. వచ్చిన వైపు వెయ్యడానికి ఆ చదువు గొంతు ఒక్కటే వినిపించింది. కానీ అది అతను తెచ్చిపెట్టింది కాదు. వాళ్ళదే. అతను పోగొట్టబోయి ఆలస్యంగా తిరిగిచ్చింది. తిరిగిచ్చినదాన్ని లాభంలో రాసుకునేంత సిగ్గుమాలినతనం అతనికి ఇంకా రాలేదు.

స్కూటరు దిగాడు. గడియ తీసి, బరువైన ఇనప రెక్కని లోపలికి నెట్టాడు. స్కూటరు లోపల పెట్టి, వెనక్కి వచ్చి రెక్క మూసి గడియ పెట్టాడు. చేతులకి తుప్పు అంటుకుంది. మొత్తం బేరంలో న్యాయంగా అతనికి ముట్టింది అది.